బ్యాటు పిడికి చెవి ఆనించి

మా బిల్డింగులో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. బద్ధకం వల్ల కాదు, షిఫ్టుల వల్ల. పటాన్‌చెరు, కాజీపల్లి, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు చాలామంది కిష్టారెడ్డిపేటలో ఉన్న మా ఐదంతస్తుల్లోనే సర్దుకున్నారు. పొద్దుటి డ్యూటీవాళ్లు బస్సు కోసం మెట్లు దిగుతుంటే రాత్రి డ్యూటీవాళ్లు అవే మెట్లు ఎక్కి వచ్చి పడుకుంటారు. అందుకని మా దగ్గర మిక్సీ వేసుకోవాలన్నా కొంత రాయబారం నడపాలి. మా అమ్మ గారెలకు పప్పు రుబ్బే ముందు కింది ఇంటి గుమ్మం దాకా వెళ్లి చెప్పులున్నాయో లేదో చూసి వస్తుంది. చెప్పులున్నాయంటే మనిషి లోపల నిద్రలో ఉన్నట్టు. ఆ పూట గారెలు లేనట్టు.

ఇలాంటి కొంపలోకి మా ఆవిడ కొత్త క్రికెట్ బ్యాటు తెచ్చింది.

ఆమె కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చుట్టుపక్కల కంపెనీల ఆడవాళ్లంతా కలిసి లెదర్ బాల్‌తో మ్యాచ్ ఆడాలని అనుకున్నారు. వాళ్ల కంపెనీ జట్టులో ల్యాబువాళ్లు, ప్యాకింగ్‌వాళ్లు, క్యాంటీన్‌లో చపాతీలు చేసే ఆమె ఉన్నారు. చపాతీల ఆమే ఫాస్ట్ బౌలరు. కంపెనీ మగవాళ్లు వాడి వదిలేసిన బ్యాట్లు వీళ్లకు ఇచ్చారు. అవి ఎత్తడానికే ఒక మనిషి, ఊపడానికి ఇంకో మనిషి కావాలి.

మా ఆవిడది కోస్తా కుటుంబం. వాళ్ల నాన్నకు ఇక్కడి సర్కారీ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి టౌన్‌షిప్‌లో దిగారు. ఈమె పుట్టిందీ పెరిగిందీ ఆ క్వార్టర్లలోనే. బ్యాటు మాత్రం ఎప్పుడూ అన్నలదే. ఈమె రెండు జట్లకూ కలిపి ఒక్క ఫీల్డరు. బంతి మోరీలో పడితే తీసేది ఈమె. బ్యాటింగ్ కూడా ఇచ్చేవారు, అన్యాయం చేశారని చెప్పకూడదు. అందరి వంతూ అయ్యాక ఇచ్చేవారు.

"నా దాకా వచ్చేసరికి చీకటి పడేది," అంది ఒకసారి. "బంతి కనపడేది కాదు. చప్పుడును బట్టి ఊపేదాన్ని."

ఇప్పుడు మ్యాచ్ ఆదివారం పొద్దున. బ్యాటు సొంతది. ఎండ ఉంటుంది. ఆ బ్యాటును సంచిలోంచి తీసిన తీరు చూస్తే నాకు మిగతాది అర్థమైంది. నన్ను కూడా ఎవరూ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

నిజానికి అది చూడాల్సిన వస్తువే. అప్పుడే దంచిన బియ్యం రంగులో ఉంది. పైనుంచి కింది దాకా సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎక్కడో తడిలో పెరిగిన చెట్టు వాసన. ఇంత మెత్తగా ఎలా ఉందని అడిగితే, ఇంకా కుదురుకోని చెక్క కాబట్టి అంది. అసలు చిక్కు అక్కడే ఉంది. కొత్త విల్లో చెక్క మెత్తగా ఉంటుంది. నేరుగా లెదర్ బాల్‌కు ఎదురుపెడితే పగులుతుంది. ముందు పలచగా అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, ఆ తర్వాత చెక్కసుత్తితో గంటలకొద్దీ కొట్టాలి. మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, అంచులు గుండ్రం తిరిగేలా. దెబ్బలు తిని తినీ పైపొర బిగుసుకుంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. షాపులో దానికొక మిషను ఉందట. మిషను దగ్గర బ్యాట్లు వరసలో ఉన్నాయట. "వచ్చే వారం రండి మేడం," అన్నాడట షాపతను. వచ్చే వారానికి మ్యాచ్ అయిపోతుంది. దాంతో ఒక చెక్కసుత్తి కూడా కొనుక్కొచ్చింది. ఆ సుత్తి నా చేతికొచ్చింది.

బ్యాటును మొదట చూసింది మా అమ్మ. సంగారెడ్డి దగ్గరి పల్లెలో పొలం పనులు చేసి, ఇప్పుడు మా దగ్గర ఉంటూ మమ్మల్ని పనిలో పెడుతోంది.

"గిదేంది బిడ్డా, గింత తెల్లగున్నది? దీనికి పూజ జెయ్యలే?"

"బ్యాటుకు పూజేంటి అత్తయ్యా?"

"కొత్త బండి కొంటే జేస్తం. బోరు మోటరుకు జేస్తం. ఇదేం పాపం జేసింది?" అని పసుపు, కుంకుమ గిన్నెలతో వచ్చేసింది.

మా ఆవిడ బ్యాటును గుండెలకు అడ్డం పెట్టుకుంది. "వెనకాల పెట్టండి అత్తయ్యా. ముందు వద్దు. అది దెబ్బలు తినే వైపు."

"దెబ్బలు తినే దిక్కే గదా పెట్టాలె," అంది మా అమ్మ.

ఈ వాదన మా ఇద్దరి చదువులకూ మించింది. చివరికి మా ఆవిడ వెనకవైపే పెట్టించుకుంది. ఆ పసుపు బొట్టు నూనెతో పాటు చెక్కలోకి ఇంకిపోయి ఇప్పటికీ అలాగే ఉంది.

నూనె ఆరాక ఒక సాయంత్రం సుత్తి ఎత్తాను. టప్. టప్. తడి గోడ మీద అరచేత్తో చరిచినట్టు వచ్చింది చప్పుడు. కాసేపటికి గుమ్మంలో కింది అంతస్తు టీచరమ్మ నిలబడి ఉంది. సాయంత్రాలు ఆమె ఇంట్లో ట్యూషను. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే నా సుత్తి దెబ్బకు ఒకటి దాటేస్తున్నారని, చాలా మర్యాదగా చెప్పింది. సాయంత్రం అలా పోయింది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. ఈసారి పక్క ఫ్లాటులోంచి రాత్రి డ్యూటీ ఆయన లుంగీలో వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, ఇంట్లె పని వెట్టినవా ఏంది?"

"లేదన్నా. బ్యాటు."

"ఆడుకోనీకె గ్రౌండే దొరకలేదా?"

"ఆడుతలేనన్నా. కొడుతున్న."

"దేన్ని?"

"బ్యాటును."

ఆయన నన్నూ సుత్తినీ మార్చి మార్చి చూశాడు. డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఇలాంటి మాట చెప్పాల్సింది కాదు. "జెర నిద్ర వోనియ్యే," అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. జాలి ఉంది.

మేడ మీదికి వెళ్తే ఐదో అంతస్తువాళ్ల తల మీద కొట్టినట్టు ఉంటుంది. సెల్లారులో కొడితే చప్పుడు లిఫ్టు గుంటలోంచి అన్ని అంతస్తులకూ సమానంగా అందుతుంది. మ్యాచ్ దగ్గర పడుతోంది, బ్యాటు మాత్రం గోరుతో నొక్కితే నొక్కు పడేంత మెత్తగానే ఉంది. మా ఆవిడ రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆ గోటి పరీక్ష చేసేది. చేసి, బ్యాటును మూలకు ఆనించి వంటింట్లోకి వెళ్లేది.

దారి చూపింది మా అమ్మే. "సప్పుడు చెయ్యాలంటే సప్పుడున్న కాడికే వోవాలె గాని, ఈడ నిద్రవొయేటోళ్ల నెత్తి మీదెందుకురా?"

కాజీపల్లి పోయే రోడ్డు మీద ఒక డ్రమ్ముల షెడ్డు ఉంది. వాడేసిన ఇనుప డ్రమ్ములు కొని, సొట్టలు తీసి, రంగేసి మళ్లీ అమ్ముతారు. సొట్ట తీయడమంటే సుత్తులతో బాదడం. నలుగురైదుగురు ఒకేసారి బాదుతుంటే ఆ రోడ్డున పోయే లారీలు హారన్ కొట్టడం దండగని మానేస్తాయి. యజమాని మా అమ్మ పుట్టింటి ఊరి మనిషి. సంగతి చెప్పగానే నవ్వాడు.

"కూసోండ్రి, కూసోండ్రి. మా కాడ సప్పుడు జేస్తే వద్దనేటోడు ఎవడున్నడు?"

అలా మేమిద్దరం డ్యూటీలు దిగి, షెడ్డు గోడ పక్కన రెండు బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నాం. ఆమె బ్యాటు పట్టుకుంది, నేను సుత్తి. లోపల పనిచేసే బిహారు అతను ఒకడు బీడీ కోసం బయటికి వచ్చి మమ్మల్ని శ్రద్ధగా చూశాడు.

"భయ్యా, ఇస్మే పిచక్ తో హై నహీ. ఫిర్ క్యోఁ పీట్ రహే హో?"

సొట్టే లేనిదాన్ని ఎందుకు బాదుతున్నారని. వృత్తిపరమైన సందేహం. సొట్ట పడకుండా ఉండటానికి ముందే కొడుతున్నామని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతను లోపలికి వెళ్లి మిగతావాళ్లకు కూడా చెప్పినట్టున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే బీడీకి వచ్చారు.

చప్పుడు సమస్య తీరింది. వెంటనే రెండోది వచ్చింది. బ్యాటు కుదురుకుందా లేదా అన్నది చెవితోనే తెలియాలి. మొద్దుగా వచ్చే చప్పుడు తేరుకుని ఖంగుమనాలి. ఎక్కడ ఇంకా మొద్దుగా ఉంటే అక్కడ ఇంకా కొట్టాలి. ఈ షెడ్డు దగ్గర నా మాట నాకే వినపడదు, ఇక బ్యాటు మాటేం వింటాను? నిశ్శబ్దం ఉన్నచోట కొట్టనివ్వరు, కొట్టనిచ్చినచోట వినపడదు.

"ఎట్ల తెలుస్తది?" అని అరిచాను.

ఆమె నా వైపు చూసింది. ఆ తర్వాత నేను ఊహించని పని చేసింది. బ్యాటును నిలువుగా పట్టి, పిడి చివర రబ్బరు లేకుండా గుండ్రంగా కనపడే బెత్తం ముక్కను చెవి పక్క ఎముకకు ఆనించుకుంది. రెండో చెవి వేలితో మూసుకుంది. కళ్లు మూసుకుని, కొట్టమన్నట్టు గడ్డం ఎగరేసింది.

కొట్టాను. ఆ మొహంలో ఏదో కదిలింది.

"ఇంకో దెబ్బ. కొంచెం కిందకి," అంది. కొట్టాను. "ఇక్కడ మూగగా ఉంది. ఇక్కడ కొట్టు."

తర్వాత చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో ఫ్యాను మూలిగితే వాళ్ల నాన్న పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారుకు పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాడట. ఫ్యాక్టరీలో బేరింగు పోయిందా ఉందా అన్నది మెయింటెనెన్స్‌వాళ్లు అలాగే చూస్తారు. చుట్టూ ఎంత రొద ఉన్నా లోపలి చప్పుడు ఎముకలోంచి వస్తుంది. ఆయన వినడం అయ్యాక వరసగా పిల్లలకు ఇచ్చేవాడట. అన్నలు ఏం లేదు పొమ్మనేవారు. ఈమె వదిలేది కాదట. ఆయన ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొనుక్కుని, లిఫ్టు బేరింగు గురించి అసోసియేషన్‌తో గొడవపడుతూ సుఖంగా ఉన్నారు.

"నేనూ వింటా, ఇటియ్యి," అన్నాను.

పిడి చెవికి ఆనించుకున్నాను. ఆమె సుత్తితో మెల్లగా తట్టింది.

ఏం చెప్పను. షెడ్డు రొద అంతా ఎక్కడో బయట ఉండిపోయింది. నా తల లోపల, నుదుటి వెనకాల ఒక చెక్క పలికింది. పైన తడితే ఒకలా, నడుమ తడితే ఒకలా, కిందికి పోయేకొద్దీ ఇంకొకలా. నేను అప్పటిదాకా దాన్ని ఒక చెక్క అనుకున్నాను. లోపలికి వెళ్లి చూస్తే అదొక ఇల్లు. గదికొక గొంతు. నడుమ గది తలుపులు తెరుచుకున్నాయి, కింది గది ఇంకా మూసే ఉంది. ఏ చెరువు గట్టునో గాలికి ఊగిన చెట్టు, ఇప్పుడు కాజీపల్లి రోడ్డు పక్కన డబ్బా మీద కూర్చున్న ఒక గుమస్తా పుర్రెలో మోగుతోంది. నోరు తెరుచుకుని కూర్చున్నానట. మా ఆవిడ నన్ను అలా చూడటం పెళ్లినాటి తర్వాత అదే అని చెప్పింది. పెళ్లినాడు నేను ఎండకు నోరు తెరిచాను. ఆ సంగతి చెప్పలేదు.

అప్పట్నుంచి రోజూ అదే పని. నేను కొట్టడం, ఆమె వినడం. దారిన పోయేవాళ్లు అదేదో మొక్కు అనుకున్నారేమో, ఒకామె బండి మీద పోతూ చేతులు జోడించింది కూడా. రోజురోజుకూ ఆ మూగ చోట్లు తగ్గిపోతున్నాయని ఆమె మొహం చూస్తే తెలిసేది. అందులో చదవాల్సింది ఎంతో ఉంది. ఇన్నేళ్లూ నేను ఎందుకు చదవలేదో మాత్రం తెలియదు.

శుక్రవారం సాయంత్రం కింది భాగంలో, నేల తాకే కొనకు కాస్త పైన, ఒక గీత కనపడింది. వెంట్రుక కన్నా సన్నం. చెక్కలో పుట్టుకతో ఉన్న గీతల పక్కనే ఉంది, కానీ వాటిలా తిన్నగా లేదు. కొంచెం వంకర.

మేమిద్దరం దాన్ని చూశాం. ఒకరినొకరం చూసుకోలేదు.

"ముందు నుంచి ఉన్నదేమో," అన్నాను.

"ఉండొచ్చు."

"పగులైతే?"

"పగులైతే మ్యాచ్‌లో తెలుస్తుంది," అంది. అని, పిడి చెవికి ఆనించుకుని, ఆ గీత చుట్టూ తానే వేలి కణుపుతో తట్టుకుంటూ చాలాసేపు వింది. లోపల షెడ్డులో ఆ రోజుకు పని ఆపేశారు. ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కూడా ఆమె చెవి మీంచి పిడి తీయలేదు.

"పగిలితే బేరింగులాగే గరగరమంటుంది," అంది చివరికి. "ఇప్పటికైతే అనట్లేదు."

"మరి కంపెనీ బ్యాటుతో ఆడరాదూ?"

"చిన్నప్పుడంతా వేరేవాళ్ల బ్యాటుతోనే ఆడాను." అని లేచింది. బ్యాటును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని బండి వెనక కూర్చుంది. గుంతలు వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకోకుండా దాన్నే పట్టుకుంది. ఆ రోజుల్లో ఇంట్లో నా స్థానం ఏమిటో నాకు స్పష్టంగా ఉంది.

ఆదివారం పటాన్‌చెరు దగ్గరి గ్రౌండుకు మా అమ్మ కూడా వచ్చింది, పులిహోర డబ్బాతో. పక్కనే హైవే. లారీల మోత, టెంటువాళ్ల జనరేటరు. బౌండరీ దగ్గర కూర్చుంటే బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు ఒక్కటీ వినపడలేదు; ఇన్ని రోజులు ఏ చప్పుడు కోసం చచ్చామో అది నా చెవికి దక్కదని అర్థమైంది. ఎండ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

నాలుగో వికెట్టు పడ్డాక ఆమె దిగింది. మొదటి బంతి వదిలేసింది. రెండోది ఆడబోతే తగల్లేదు. 

"దేనికి అంత కొట్టిన్రురా దాన్ని, బంతే తగుల్తలేదు," అంది మా అమ్మ.

మూడోది వికెట్ల ముందు నేరుగా కాళ్ల దగ్గర పడింది. అవతలి జట్టులో పొడుగాటి అమ్మాయి, మంచి వేగం. మా ఆవిడ బ్యాటు దింపింది. బంతి సరిగ్గా ఆ కొన మీద, ఆ గీత ఉన్నచోట తగిలింది. అంత దూరం నుంచి నాకు కనపడే అవకాశం లేదు. అయినా కనపడింది.

ఆమె కదల్లేదు. బ్యాటును ఎత్తి కొన వైపు చూసుకుంది. బొటనవేలితో నిమిరింది. ఆ తర్వాత, అంత గ్రౌండులో, అందరూ చూస్తుండగా, హెల్మెట్ తీసి కింద పెట్టి, బ్యాటు నిలువుగా ఎత్తి, పిడి చెవి పక్కన ఆనించుకుని, రెండో చెవి మూసుకుంది. మోకాలు కాస్త ఎత్తి, బూటుతో కొనను మెల్లగా తట్టుకుంది.

వికెట్ కీపరు నిలబడిపోయింది. బౌలరు సగం దారిలో ఆగింది. అంపైరు రెండడుగులు ముందుకు వేసి, ఎందుకో మళ్లీ వెనక్కి తగ్గాడు. లారీలు పోతూనే ఉన్నాయి, జనరేటరు మోగుతూనే ఉంది, అయినా ఆ మైదానం మధ్యలో ఒక నిశ్శబ్దం ఏర్పడింది. అందరూ ఆమె వినడాన్ని చూస్తున్నారు.

"గదేం జేస్తున్నదిరా?" అని మా అమ్మ గుసగుసగా అడిగింది.

"వింటున్నదే."

మా అమ్మ పులిహోర గంటె కూడా చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.

చాలాసేపటికి ఆమె పిడి దించింది. హెల్మెట్ పెట్టుకుంటుంటే ఆ పొడుగాటి బౌలరు దగ్గరికి వచ్చి ఏదో అడిగింది, ఈమె ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు. ఏమన్నారో ఇంటికొచ్చాక తెలిసింది.

"ఏమంటున్నదక్కా?" అని అడిగిందట ఆ అమ్మాయి.

"ఉన్నానంటోంది. వెయ్యి," అందట ఈమె.

ఆ తర్వాతి బంతి కాస్త పొట్టిగా పడింది. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసి బ్యాటు తిప్పింది. చప్పుడు నాకు రాలేదు. బంతి మాత్రం నేల మీద గీసిన గీతలా మా వైపే వచ్చి, మా అమ్మ కూర్చున్న చాప పక్కనుంచి దూసుకుపోయి టెంటు గుడ్డకు తగిలి ఆగింది. మా అమ్మ లేచి నిలబడింది. తలకు ఏమైనా తగిలిందేమోనని నేను చూస్తే, ఆమె బంతి వైపు చూడట్లేదు, కోడలి వైపు చూస్తోంది. కోడలు ఎటూ చూడట్లేదు. బ్యాటును ఎడమ చేత్తో పట్టుకుని, ఎండలో తన అరచేతిని చూసుకుంటోంది, అందులో ఇంకా ఏదో మోగుతున్నట్టు.

ఇంకో రెండు ఓవర్లకు అవుటైంది. మ్యాచ్ కూడా ఓడిపోయారు. ఓడిన తీరు గురించి చపాతీల ఆమెకు కొన్ని బలమైన అభిప్రాయాలున్నాయి. మా ఆవిడ ప్యాడ్లు విప్పకుండానే వచ్చి మా చాప మీద కూర్చుంది. మా అమ్మ పులిహోర పెట్టబోయి ఆగి, చెయ్యి చాచింది.

"ఏదీ, ఇటియ్యి. నేను గూడ ఇంట."

మా ఆవిడ పిడి అందించింది. మా అమ్మ చెంగు పక్కకు తీసి, కమ్మ తగలకుండా జాగ్రత్తగా చెవి పక్కన ఆనించుకుంది. మా ఆవిడ వేలి కణుపుతో ఆ గీత పక్కన తట్టింది.

మా అమ్మ కళ్లు మూసుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. 

"ఇంకోపారి కొట్టు బిడ్డా," అంది.